యుద్ధనౌకల పుట్టిల్లు: బొంబాయి డాక్‌యార్డు

1782వ సంవత్సరమున మన తూర్పు సముద్రములో బ్రిటిషు నౌకాదళమును, ఫ్రెంచి నౌకాదళమును ఏడు నెలల వ్యవధిలో నాలుగు మార్లు తలపడినవి. ఫిబ్రవరిలో సద్రాస్ యొద్ద, ఏప్రిల్‌లో సింహళ ద్వీపపు తూర్పు తీరమున, జూలైలో నాగపట్టణము ఎదుట, సెప్టెంబరులో ట్రింకోమలీ వెలుపల పోరు జరిగెను. వందలకొలది నావికులు మరణించిరి. తెరచాప కొయ్యలు విరిగి పడినవి. ఓడల ప్రక్కలు ఫిరంగి గుండ్లకు జల్లెడలైనవి. అయినను ఆ నాలుగు పోరాటములలో ఏ పక్షమువారును ఎదుటివారి పెద్ద యుద్ధనౌక నొక్కదానినైనను పట్టుకొనలేదు, ఒక్కదానినైనను ముంచలేదు.

చరిత్ర గ్రంథములు ఈ యుద్ధములను వర్ణించునపుడు సేనానుల వ్యూహములను గూర్చి విరివిగా చెప్పును. బ్రిటిషు సేనాని హ్యూస్ ఎట్లు వరుస తీర్చెను, ఫ్రెంచి సేనాని సఫ్రెన్ ఎట్లు మీద పడెను అను విషయములకు కొదవ లేదు. మేము నేడు ముచ్చటింపదలచినది యుద్ధము ముగిసిన మరునాటి సంగతి. విరిగిన కొయ్యలతో, నీరు కారు అడుగులతో ఆ ఓడలు ఎక్కడికి పోయినవి? ఎవరు వానిని బాగుచేసిరి? మరల ఎప్పటికి అవి పోరునకు సిద్ధమైనవి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు పోయినచో మనము బొంబాయి కోట ప్రక్కన, సముద్రపుటొడ్డున, రాతితో కట్టిన ఒక పెద్ద తొట్టి యొద్దకు చేరుకొందుము. ఆంధ్ర దేశమును ఎవరు ఏలవలెనను వివాదములో సైతము ఆ రాతి తొట్టికి కొంత పాత్ర కలదు.

కొయ్య ఓడకు శత్రువు ఫిరంగి ఒక్కటియే కాదు. నీటియందు మునిగియుండు దాని అడుగుభాగమునకు నాచు పట్టును. గుల్లలు అతుకుకొని గట్టి పొరగా పెరుగును. అంతకంటె ప్రమాదకరమైనది ఓడపురుగు. వెచ్చని సముద్రములలో అది విజృంభించి, పైకి కనబడకుండ పలకను లోలోపలనే తొలిచివేయును. పలకల సందులలో కూరిన నార అలల తాకిడికి వదులై నీరు లోనికి ఊరును. నాచు పట్టిన ఓడ వేగము తగ్గును. వేగము తగ్గిన యుద్ధనౌక పారిపోవు శత్రువును పట్టలేదు, తరుముకొని వచ్చు శత్రువును తప్పించుకొనలేదు. అందువలన యుద్ధము లేకున్నను, ప్రతి యుద్ధనౌకయు కొంతకాలమున కొకసారి ఒడ్డు చేరి, తన అడుగును గీకించుకొని, కీలు పూయించుకొని, పుచ్చిన పలకలను మార్పించుకొనక తప్పదు.

ఈ పనికి రెండు మార్గములు ఉండెను. ఒకటి ఓడలోని ఫిరంగులను, సరకులను దించివేసి, కొయ్యలకు మోకులు కట్టి లాగి, ఓడను ఒక ప్రక్కకు ఒరగబెట్టుట. ఒక ప్రక్క బాగుచేసిన పిమ్మట రెండవ ప్రక్కకు ఒరగబెట్టవలెను. ఇందు ఓడ కీళ్లు కదలును; ఒక్కొక్కప్పుడు కొయ్యయే విరుగును. అలలు లేని నిశ్చలమైన నీరు ఉన్నగాని ఈ పని సాగదు. రెండవ మార్గము డ్రైడాక్. ఓడను రాతి తొట్టిలోనికి తెచ్చి, తలుపులు మూసి, నీటిని వెలుపలికి పంపి, పొడినేల మీద దిమ్మలపై నిలుపుదురు. అప్పుడు పనివాండ్రు ఓడ క్రిందికి నడచి పోయి, దాని వెన్నెముక వంటి అడుగుదూలమును సైతము కంటితో చూచి, చేతితో తట్టి, లోపమును పట్టుకొనగలరు.

మన తూర్పు తీరమున ఈ రెండు పనులకును అనువైన చోటు బహు అరుదు. మద్రాసులో ఆ కాలమున రేవే లేదు. ఓడలు లోతు నీటిలో లంగరు వేసికొనియుండగా, మనుష్యులను, మూటలను మసూలా పడవలలో అలలమీదుగా ఒడ్డునకు చేర్చెడివారు. అక్టోబరు వచ్చెనా, ఈశాన్య ఋతుపవనముతో తుపానులు మొదలగును. ఆ దినములలో ఈ తీరమున నిలిచిన ఓడకు క్షేమము లేదు. కావున ఎంతటి నౌకాదళమైనను సంవత్సరమున మూడు నాలుగు నెలలు తూర్పు తీరమును విడిచి ఎక్కడికైన పోవలసినదే. ఎక్కడికి పోవుదురు, ఎంత త్వరగా తిరిగి రాగలుగుదురు అనునదియే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారికి బొంబాయిలో సమాధానము లభించినది. బొంబాయి రేవు దీవుల చాటున ఉన్నది. పెద్ద ఓడలు నిలువదగిన లోతు కలది. దానికి తోడు ప్రకృతి మరియొక వరము నొసగినది. అది అచ్చటి పోటు. మద్రాసులో పోటుకును ఆటుకును నడుమ నీటిమట్టపు భేదము మూడు నాలుగు అడుగులకు మించదు. బొంబాయిలో అమావాస్యకును, పున్నమికిని ఆ భేదము 12 మొదలు 14 అడుగుల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. డ్రైడాక్ కట్టువానికి ఇది గొప్ప సాయము. పోటు నిండుగా ఉన్నపుడు తలుపులు తెరచి ఓడను లోనికి లాగుదురు. ఆటు మొదలు కాగానే తొట్టిలోని నీరు తనంత తానే సముద్రములోనికి దిగిపోవును. తరువాత తలుపులు బిగింతురు. మిగిలిన నీటిని తోడివేయుదురు. ఆవిరి యంత్రములు లేని కాలమున ఇంత నీటిని మనుష్యులచేత తోడింపవలెనన్న ఎంత శ్రమ! ఆ శ్రమలో చాల భాగమును చంద్రుడే భరించుచుండెను.

స్థలము కలిగినంత మాత్రమున డాక్‌యార్డు ఏర్పడదు, పనితనము కావలెను. అది సూరతు నుండి వచ్చినది. సూరతు పట్టణము తరతరములుగా ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి. అచ్చట కంపెనీ ఓడ నిర్మాణమున పనిచేయుచుండిన లవ్‌జీ నసర్వాన్‌జీ అను పార్శీ మేస్త్రి నేర్పును చూచి కంపెనీవారు అతనిని బొంబాయికి రప్పించిరి. 1736లో అతడు కొందరు వడ్రంగులను వెంటబెట్టుకొని వచ్చెను. ఓడలు కట్టు వృత్తిని బట్టి అతని వంశమునకు వాడియా అను పేరు స్థిరపడినది. అప్పటినుండి దాదాపు 150 సంవత్సరములు ఆ ఒక్క వంశమువారే తండ్రి తరువాత కొడుకు, అన్న తరువాత తమ్ముడుగా బొంబాయి డాక్‌యార్డునకు ప్రధాన నిర్మాతలైరి. ఒక ప్రభుత్వ కార్యశాలలో ఇంత దీర్ఘకాలము ఒకే కుటుంబపు చేతి విద్య నిలుచుట లోకమున అరుదు.

లవ్‌జీ కాలముననే, 1750 మొదలు 1765 వరకు గల సంవత్సరములలో, ఒకదాని వెనుక నొకటిగా మూడు డ్రైడాక్‌లు బొంబాయిలో వెలసినవి. ఆసియా ఖండమున ఇట్టివానిలో ఇవి మొదటివని చెప్పుదురు. వెలుపలి తలుపు నుండి లోపలికి వరుసగా అమరినందున ఒకే తావున ఒకటికి మించిన ఓడలను నిలిపి మరమ్మతు చేయుట సాధ్యమయ్యెను. ఆనాడు తూర్పు సముద్రములలో సంచరించు ఐరోపా నౌకాదళములలో, పోరు జరుగు తీరమునకు ఇంత చేరువలో ఇట్టి వసతి కలది బ్రిటిషు దళము ఒక్కటియే. ఫ్రెంచివారి ప్రధాన స్థావరము మారిషస్ ద్వీపము. అది పుదుచ్చేరికి 2000 మైళ్లకు పైగా దూరమున, నడిసముద్రములో ఉన్నది. అచ్చట ఓడకు కావలసిన కలప, మోకులు సరే, నావికులకు కావలసిన ఆహారమే చాలదు.

ఈ భేదము యొక్క ఫలితము మొదట ఆంధ్ర తీరపు చరిత్రలోనే కనబడినది. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమైనవి. బుస్సీ ప్రాభవము ఆ కాలపు మాట. 1758లో ఫ్రెంచి నౌకా సేనాని డాషే, బ్రిటిషు సేనాని పోకాక్ చోళమండల తీరమున రెండు మార్లు పోరాడిరి. ఆ యుద్ధములలోను ఎవరికిని నిర్ణయాత్మకమైన విజయము లేదు. సెప్టెంబరులో డాషే తన ఓడలతో మారిషస్‌కు పోయెను. అచ్చట తిండి చాలక, ఆహారము కొని తెచ్చుటకు కొన్ని ఓడలను ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పంపవలసి వచ్చెను. పోకాక్ బొంబాయికి పోయి తన ఓడలను బాగుచేయించుకొనెను.

తీరమున రెండు నౌకాదళములును లేని ఆ నెలలలోనే మన దేశమున రెండు ముఖ్య ఘటనలు జరిగినవి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున, విజయనగర ప్రభువు ఆనంద గజపతి సహాయముతో, కర్నల్ ఫోర్డు ఫ్రెంచి సేనను ఓడించెను. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి అతడు బందరు కోటపై పడి, తెల్లవారునప్పటికి దానిని వశపరచుకొనెను. ఆ విజయము భూమిమీద పోరాడిన సైనికులది. అందు డాక్‌యార్డునకు వాటా అడుగుట న్యాయము కాదు. కాని గెలిచినదానిని నిలుపుకొనుట వేరొక సంగతి. పోకాక్ ఆ ఏప్రిల్ నెలలోనే బొంబాయి నుండి బయలుదేరి తూర్పు తీరమునకు తిరిగి వచ్చెను. డాషే సెప్టెంబరు వరకు రాలేకపోయెను. నడుమ గల ఆ నాలుగు నెలలు సముద్రము బ్రిటిషువారిది. బందరును తిరిగి పట్టుటకు ఫ్రెంచి నౌకాదళము నుండి పెద్ద సాయము రాలేదు. డాషే సెప్టెంబరులో మరియొక మారు పోరాడి, ఆ వెంటనే మారిషస్‌కు మరలి పోయెను. మరల ఈ తీరమునకు రాలేదు. 1761 జనవరిలో పుదుచ్చేరి పడిపోయినది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడిక ఉత్తర సర్కారులను కంపెనీకి కట్టబెట్టినవి. ఈ కథలో రాజులు, సేనానులు, దుబాసీలు అందరును కనబడుదురు. సూరతు వడ్రంగి మాత్రము కనబడడు.

ఇక 1782కు వత్తము. సఫ్రెన్ డాషే వంటివాడు కాడు. నౌకా యుద్ధమున అంతటి సేనానిని ఫ్రెంచివారు అరుదుగా చూచిరి. డాక్‌యార్డు లేని లోటును అతడు తన పట్టుదలతోనే పూరింపజూచెను. నాగపట్టణపు పోరు తరువాత కడలూరు ఎదుట లంగరు వేసి, చిన్న ఓడల కొయ్యలను ఊడదీసి పెద్ద ఓడలకు అమర్చెను. దొరికిన కలపతో, ఉన్న మోకులతో రేయింబవళ్లు పనిచేయించి ఒక నెలలోపలనే సముద్రము మీదికి వచ్చెను. ఆగస్టు చివర ట్రింకోమలీని పట్టుకొనెను. మారిషస్‌కు పోయి విశ్రమించుటకు అంగీకరించక, ఆ చలికాలమును సుమత్రా దీవిలోని అచిన్ రేవున గడపెను. 1783 జనవరిలో గంజాం తీరమున కనబడి, కవెంట్రీ అను బ్రిటిషు ఓడను పట్టుకొనెను. తన మిత్రుడు హైదరాలీ మరణించిన వార్త అతనికి అచ్చటనే తెలిసినది.

అటు హ్యూస్ సంగతి చూతము. ట్రింకోమలీ పోరు తరువాత అతడు మద్రాసునకు చేరెను. అక్టోబరు నడుమ గొప్ప తుపాను వచ్చి అతని ఓడలను చెల్లాచెదరు చేసినది. దెబ్బతిన్న ఓడలను ఈడ్చుకొనుచు, డిసెంబరు నాటికి అతడు బొంబాయి చేరుకొనెను. అచ్చట డ్రైడాక్‌లు, మలబారు టేకు, నేర్పరులైన వడ్రంగులు, కమ్మరులు, నార కూర్చువారు సిద్ధముగా ఉండిరి. ఇంగ్లండు నుండి వచ్చిన మరికొన్ని ఓడలును అతనితో కలిసికొనెను. 1783 ఏప్రిల్‌లో హ్యూస్ తన దళముతో మరల మద్రాసు ముందు నిలిచెను.

జూన్‌లో కడలూరు ఎదుట అయిదవ పోరు జరిగెను. హ్యూస్‌కు 18 ఓడలు, సఫ్రెన్‌కు 15. ఆ పోరులో సఫ్రెన్‌దే పైచేయి అయినది. ఇంతలో ఐరోపాలో సంధి కుదిరినదను వార్త అందగా యుద్ధము ఆగిపోయెను. డాక్‌యార్డు వలన బ్రిటిషువారు గెలిచిరని ఎవరైన చెప్పినచో అది పొరపాటు. డాక్‌యార్డు యుద్ధమును గెలిపింపదు. ఓడిన దళమును సైతము మరల నిలబెట్టును. సఫ్రెన్ అయిదు మార్లు పోరాడుటకు ఒక మహావీరుని ప్రతిభ కావలసి వచ్చినది. హ్యూస్ అయిదు మార్లు పోరాడుటకు ఒక మంచి కార్యశాల చాలినది. ప్రతిభ తరమున కొకసారి పుట్టును; కార్యశాల ప్రతి ఉదయమును తెరవబడును. బలీయమైన రాజ్యములు రెండవదానిని నమ్ముకొనుట ఇందువలననే.

బొంబాయి ఓడల బలము టేకులో ఉన్నది. ఇంగ్లండులో యుద్ధనౌకలను ఓక్ కలపతో కట్టెడివారు. ఓక్‌లోని ఆమ్లము ఇనుప మేకులను తినివేయును. టేకులోని నూనె ఇనుమును కాపాడును. పురుగును, తేమను కూడ చాలవరకు తట్టుకొనును. నెపోలియను యుద్ధముల కాలమున ఇంగ్లండున ఓక్ కలపకు కరవు వచ్చినపుడు బ్రిటిషు రాజనౌకాదళము వారి చూపు బొంబాయి వైపు మరలెను. గవర్నరు జానథన్ డంకన్ పేర 1807 – 1810 సంవత్సరములలో మరింత పెద్ద డాక్‌లు తయారైనవి. లవ్‌జీ మనుమడు జంషెట్‌జీ బమన్‌జీ 1810లో మిండెన్ అను 74 ఫిరంగుల యుద్ధనౌకను జలప్రవేశము చేయించెను. 1813లో కారన్‌వాలిస్, 1815లో వెల్లెస్లీ, 1817లో ట్రింకోమలీ వెలువడినవి. ఆ వంశమువారే కట్టిన ఏషియా నౌక 1827లో నవారినో యుద్ధమున బ్రిటిషు సేనానికి ప్రధాన నౌక అయినది.

వీని ఆయువును తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. వెల్లెస్లీ 125 సంవత్సరములు నీటిమీద నిలిచి, 1940లో థేమ్స్ నదిలో జర్మను విమానముల బాంబులకు మునిగినది. ట్రింకోమలీ నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ పట్టణమున, నీటిమీద తేలుచు, చూడవచ్చినవారికి దర్శనమిచ్చుచున్నది. పడమటి కనుమల అడవులలో పెరిగిన టేకు, పార్శీ మేస్త్రి గీచిన గీత, బొంబాయి వడ్రంగి వేసిన బాడిసె దెబ్బ ఇంకను ఆ ఓడలో ఉన్నవి.

కాని ఈ గర్వమునకు వెనుక ఒక చేదు నిజము ఉన్నది. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. ఈ ఓడలు మన చేతులతో కట్టినవి. మన పనులకై కట్టినవి కావు. చీనా దేశముపై నల్లమందు యుద్ధము చేసి, 1842లో నాన్‌కింగ్ ఒడంబడికపై సంతకము చేయించుకొన్నది మన బొంబాయిలో కట్టిన కారన్‌వాలిస్ నౌక మీదనే. వాడియాలకు కంపెనీవారు వెండి కొలబద్దలు, శాలువలు బహూకరించిరి; భూములిచ్చిరి; గౌరవించిరి. అయినను ఏ ఓడ ఎవరి మీదికి పోవలెనని నిర్ణయించు అధికారము ఆ కొలబద్దకు లేదు. ఇక ఓడ క్రింద వంగి నార కూరినవాడు, కీలు మరిగించినవాడు, పోటు ఎప్పుడు వచ్చునాయని నడిరాత్రి తలుపు యొద్ద కాచుకొన్న కలాసీ – వీరి పేర్లు ఎచ్చటను మిగులలేదు.

ఆవిరి యుగము వచ్చినపుడు డాక్‌యార్డు విద్య మారవలసి వచ్చెను. 1829లో బొంబాయిలో జలప్రవేశము చేసిన హ్యూ లిండ్సే అను ఆవిరి ఓడ 1830లో సూయజు వరకు పోయి, ఎఱ్ఱసముద్రపు మార్గమున ఆవిరి ప్రయాణము సాధ్యమని చూపెను. దాని దేహము బొంబాయిది, యంత్రములు ఇంగ్లండువి. ఈ లోటును గుర్తించినవాడు ఆ వంశమువాడే అయిన అర్దశీర్ కర్‌సెట్‌జీ. అతడు యంత్రవిద్యను స్వయముగా అభ్యసించి, ఇంగ్లండు పోయి, 1841లో లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడు అతడే. తిరిగి వచ్చి బొంబాయి ఆవిరి యంత్రశాలకు ప్రధాన ఇంజనీరై, ఇంగ్లీషు పనివారిపై సైతము అధికారము నెరపెను. కాని ఇనుప ఓడల కాలమున కొలిమి, ఉక్కు, యంత్రము అన్నియు ఇంగ్లండువే అయినవి. 19వ శతాబ్ది చివరి భాగమున వాడియాల పరంపర ముగిసినది. బొంబాయి ఓడలు కట్టుట మానినది. ఓడలను బాగుచేయుట మాత్రము మానలేదు.

తూర్పు తీరమున ఇట్టి చోటు మనకు అసలు లేకపోయెనా అని పాఠకులు అడుగవచ్చును. గోదావరి ముఖమున కోరంగి ఉండెను. కలకత్తాకును ట్రింకోమలీకిని నడుమ పెద్ద ఓడలకు మరమ్మతు జరుగగల రేవు అదియే అని పేరు పొందినది. 19వ శతాబ్ది ఆరంభమున అచ్చట ఒక డాక్ కూడ ఏర్పడెను. అచ్చటి నుండి రంగూనునకు పోయిన ఓడల వలననే బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. కాని గోదావరి తెచ్చిపోయు ఒండ్రు ఏటేట రేవును పూడ్చివేసినది. 1839 నవంబరున వచ్చిన ఉప్పెన ఊరిని ముంచివేసినది. పనివారు ఎంత నేర్పరులైనను నీరు లోతు లేనిదే డాక్‌యార్డు బ్రతుకదు.

స్వాతంత్ర్యానంతరము బొంబాయి డాక్‌యార్డు భారత నౌకాదళమునకు సంక్రమించినది. ఏ ఓడ ఎవరి కొరకు పోవలెనను ప్రశ్నకు సమాధానము ఇప్పుడు మనదే అయినది. ఆ డాక్‌యార్డునకు గొప్ప పరీక్ష 1971లో వచ్చినది. మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్ల నీటి డ్రమ్ములలో 1970లో పగుళ్లు కనబడినవి. అవి వెల్డింగునకు లొంగునవి కావు. క్రొత్త డ్రమ్ములు బ్రిటను నుండి రావలెను. యుద్ధమేఘములు క్రమ్ముకొనుచుండెను. బాయిలర్లను ముట్టింపరాదని మొదట ఆజ్ఞ వెలువడినది. 1971 మార్చిలో, ఆవిరి ఒత్తిడిని తగ్గించి, జాగ్రత్తగా మరల వెలిగించి, అడుగడుగున పరీక్షించిరి. పూర్తి వేగము దాదాపు 24 నాట్లు గల ఆ నౌకను 14 నాట్లకు పరిమితము చేసి, సముద్రమునకు పంపవచ్చునని తేల్చిరి.

ఈ నిర్ణయము వెనుక గల బాధ్యతను ఒక క్షణము ఊహింతము. బాయిలరు పగిలినచో దాని యెదుట నిలిచిన మనుష్యులు బ్రతుకరు. ఓడ రేవులోనే ఉండిపోయినచో తూర్పు సముద్రమున మన నౌకాదళమునకు విమానబలము లేదు. ఎంత ఒత్తిడి వరకు లోహము ఓర్చుకొనును, ఎక్కడ ఆగవలెను అని చెప్పవలసినవాడు సేనాని కాడు. మరమ్మతు ఎరిగిన ఇంజనీరు. ఆ విక్రాంత్ తూర్పు తీరమునకు వచ్చి, అండమాను దీవుల చాటున కాచుకొని, డిసెంబరు 4వ తేదీన తన విమానములను కాక్స్ బజారు, చిట్టగాంగులపైకి పంపినది. దానిని వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ అంతకు ముందటి రాత్రియే విశాఖపట్టణము ఎదుట మునిగిపోయినది.

విశాఖలో అప్పటికే రష్యా వారి సహాయముతో మరియొక నౌకాదళ డాక్‌యార్డు రూపొందుచుండెను. మన మొదటి జలాంతర్గామి కల్వరి 1968లో చేరుకొన్నది విశాఖకే. ఋతుపవనము రాగానే తూర్పు తీరమును విడిచిపోవలసిన అగత్యము ఆ విధముగా తీరినది. డాషే, సఫ్రెన్, హ్యూస్ ముగ్గురును కోరి పొందలేకపోయిన వసతి నేడు డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున మనకు ఉన్నది.

బొంబాయిలో 2019లో విమానవాహక నౌకలకై 281 మీటర్ల పొడవుగల క్రొత్త డ్రైడాక్ ప్రారంభమైనది. డంకన్ డాక్ ఇప్పటికిని అదే ఆవరణలో ఉన్నది. కొయ్య పోయి ఇనుము వచ్చినది. ఇనుము పోయి ఉక్కు వచ్చినది. ఓడపురుగునకు బదులు తుప్పు వచ్చినది. నాచు మాత్రము మారలేదు, గుల్లలు మారలేదు. ఎంతటి యుద్ధనౌకకైనను తిరిగి వచ్చు తేదీ యొకటి డాక్‌యార్డు పుస్తకములో వ్రాసి ఉండును. ఆ తేదీన పోటు నిండగా, నౌక నెమ్మదిగా లోనికి వచ్చి, దిమ్మల మీద కూర్చుండును. నీరు దిగిపోవును. అప్పుడు ఒక పనివాడు దీపము పట్టుకొని దాని క్రిందికి నడచి పోవును.